ఎక్సెల్‌లో లేని గడి

2025 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు ఎప్పుడూ తెరిచే ఉండేది. ఆఫీసులో పని చేస్తున్నట్టు మొహం పెట్టి దాన్నే చూసుకుంటూ ఉండేదాన్ని. ఎడమ వరసలో 2018 మోడల్ ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్. కుడి వరసలో కొత్త మారుతి వ్యాగనార్. ఏడేళ్ళ పాత బండీ, ఇంకా సీట్ల మీద కవర్లు తీయని బండీ ఇంచుమించు ఒకే ధరకి వస్తున్నాయంటే, ఆ రెండింటి మధ్య తేడా డబ్బులో లేదని అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. అందుకే అడ్డు వరసలు పెంచుకుంటూ పోయాను.

పవర్: 105 పీఎస్, 67 పీఎస్. టార్క్: 175 న్యూటన్ మీటర్లు, 89 న్యూటన్ మీటర్లు. తిరిగిన కిలోమీటర్లు: 52 వేలు, సున్నా. వారంటీ: లేదు, మూడేళ్ళు. లోను వడ్డీ: పాత కారుకి పన్నెండు శాతం పైన, కొత్త కారుకి తొమ్మిది చుట్టుపక్కల. ఇన్సూరెన్సు, సర్వీసు, మైలేజీ, మళ్ళీ అమ్మితే ఎంతొస్తుంది... ఇలా ఇరవై వరసలు. అన్నిటికీ కింద ఒక వరసకి ‘మనసు’ అని పేరు పెట్టాను. పోలోకి పది, వ్యాగనార్‌కి నాలుగు.

టార్క్ అంటే ఏమిటో మా రోడ్డు మీద చెప్తే త్వరగా అర్థమవుతుంది. చిలకలూరిపేట నుంచి పర్చూరు మీదుగా చీరాల పోయే దారి. ముందు మిర్చి టిక్కీలేసుకుని ఒక ట్రాక్టరు పోతుంటుంది. టిక్కీ అంటే నలభై, నలభై అయిదు కిలోల బస్తా. ట్రాక్టరు వెనక మనం. కాసేపటికి ఎదర రోడ్డు ఖాళీ అవుతుంది. టార్కున్న బండిలో కాలు కాస్త నొక్కితే చాలు, వీపు సీటుకి అతుక్కుంటుంది, ట్రాక్టరు అద్దంలోకి వెళ్ళిపోతుంది. లేని బండిలో ముందు గేరు దించాలి, ఇంజను అరుస్తుంది, ఏసీ ఆపితే బాగుండనిపిస్తుంది, ఎదురుగా వచ్చేది లారీయా బస్సా అని లెక్కపెట్టుకోవాలి. అప్పటికి ఖాళీ అయిపోతుంది. మళ్ళీ ట్రాక్టరు వెనకే.

నాకు డ్రైవింగు నేర్పింది కూడా ట్రాక్టరే. పదహారేళ్ళప్పుడు, కోతలన్నీ అయిపోయి మోళ్ళు మిగిలిన మిర్చి చేలో. నాన్న పక్కన మడ్‌గార్డు మీద కూచుని, “స్టీరింగు మీద పడబాక, చూపు దూరంగా పెట్టు, బండి దానంతటదే పోద్ది” అన్నాడు. తర్వాత హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక ఒక స్నేహితురాలి పోలోని శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద నడిపాను. మలుపుల్లో అది నా చేతి మాట వింటుంటే, కారంటే ఇదీ అనుకున్నాను. ఆ పది మార్కులు ఆ రోజువి.

కారెందుకు అంటే కారణం ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నెలకోసారి గుంటూరు తీసుకెళ్ళాలి. నేను మాదాపూర్ నుంచి మా ఊరికి, పర్చూరు పక్కన, రెండు వారాలకోసారి వెళ్తాను. మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, నరసరావుపేట మీదుగా దాదాపు మూడు వందల కిలోమీటర్లు. బస్సులు మారి అర్ధరాత్రి దిగితే నాన్న మోటారు సైకిలేసుకుని చలిలో నిలబడి ఉండేవాడు.

*

సలహాలకి కొదవ లేదు. బావ అన్నాడు: “రెండో చెయ్యి బండి కొనడమంటే ఇంకొకడి తలనొప్పిని డబ్బులిచ్చి తెచ్చుకోవడం.” ఆఫీసులో ఒకతను అన్నాడు: “కొత్త కారు కొంటే షోరూం గేటు దాటగానే లక్ష పోయినట్టే, ఆ నష్టం ముందు ఓనర్ భరించిన బండి కొనుక్కో.” అమ్మ అన్నది: “ఆడపిల్లవి, రాత్రిపూట దారిలో ఆగిపోతే?” షీట్లో ‘ఆడపిల్ల’ అనే వరస లేదు. కోపమొచ్చింది. కానీ రాత్రి పదకొండింటికి వాడపల్లి వంతెన దాటాక బండి ఆగితే ఎలా ఉంటుందో ఊహించుకుని, దాన్నీ కలిపాను. పేరు మాత్రం ‘దారిలో ఆగే అవకాశం’ అని పెట్టాను.

భద్రత దగ్గర షీటు నన్నే తికమక పెట్టింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో రెండు ఎయిర్‌బ్యాగుల పోలోని ఢీకొట్టించి చూసి నాలుగు నక్షత్రాలిచ్చింది. 2023లో వ్యాగనార్‌కి ఒక్కటే ఇచ్చింది. మధ్యలో పరీక్ష నియమాలు కఠినమయ్యాయి కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటం సరికాదని తెలుసు. తెలిసినా పెట్టాను. మనం కోరుకున్న జవాబు వైపు మొగ్గే అంకెకి నియమాలు అడ్డం రావు.

బావ మాటకి ఒక ఆర్థిక శాస్త్రవేత్త మద్దతు ఉంది. జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. అమ్మేవాడికి బండి సంగతంతా తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు మంచి బండికి కూడా మంచి ధర ఇవ్వడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి బజారులో చెత్త బళ్ళే మిగులుతాయి. అమెరికాలో అలాంటి బండిని ‘నిమ్మకాయ’ అంటారు. మనమేమో కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. 2001లో ఆయనకి వచ్చిన నోబెల్ బహుమతిలో ఈ వ్యాసానిదే పెద్ద వాటా. ఆ వ్యాసం అచ్చవడానికి కొన్నేళ్ళ ముందు ఆయన ఢిల్లీలో పనిచేసి వెళ్ళాడు. ఆ వ్యాసంలోనే మన పల్లెటూళ్ళ వడ్డీ వ్యాపారుల ప్రస్తావన కూడా ఉంటుంది.

ఇదంతా నాన్నకి ఫోన్లో చెప్తే నవ్వాడు. “దానికి చదువుకోవాలా? యార్డుకి పోతే తెలవదూ?” అన్నాడు. నిజమే. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ పైన ఉన్న కాయల్ని నమ్మడు. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు. తొడిమ విరిచి చూస్తాడు, తేమ ఎంతుందో చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. పైకాయలు వేరే, లోపలి కాయలు వేరే పెట్టే రైతు కూడా ఉంటాడని అతనికి తెలుసు. అలా పెట్టని రైతు కూడా ఆ అనుమానం ఖరీదు కడతాడు.

అంతా విని నాన్న అడిగింది ఒక్కటే. “ఆ పాత బండి, లాగుద్దా?”

*

నాన్నకి ఈ ప్రశ్న కొత్త కాదు. 1986లో ఆయనకి ఇరవై ఒకటి. అంతకు ముందు ఏడు పత్తి బాగా పండి తాత చేతిలో కాస్త డబ్బు ఆడింది. పొలం పనులకి ఒక బండి కొందామన్నారు. తాత కొత్త టీవీఎస్ 50 కొనాలన్నాడు. ముందు మందు డబ్బాలు పెట్టుకోవచ్చు, వెనక గడ్డిమోపు కట్టుకోవచ్చు, చెడిపోతే ఎవడైనా బాగుచేస్తాడు. నాన్న ఒంగోలులో ఎవరి దగ్గరో యెజ్డీ రోడ్‌కింగ్ అమ్మకానికుందని విని, దానికి ఇంకో రెండు వేలు వేస్తే చాలని తాత చుట్టూ తిరిగి సాధించాడు.

ఆ బండి పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. బెల్‌బాటం, పొడుగు కాలరు. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు తయారు చేసిన బండి అది, ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 250 సీసీ, టూ స్ట్రోక్, అటొకటి ఇటొకటి రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టే రాడ్డే గేరు మార్చే రాడ్డు కూడా. స్టార్టు చేశాక దాన్ని ముందుకి మడిస్తే గేరు అయిపోతుంది. “ఎవడికన్నా బండిస్తే కిక్కు రాడ్డు కోసం వెతుక్కునేవాడు” అని నాన్న ఇప్పటికీ మురిసిపోతాడు.

ఆ మరుసటేడే 1987. పత్తి మీద శనగపచ్చ పురుగు పడింది. అప్పటిదాకా పనిచేసిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు ఆ పురుగుని చంపడం మానేశాయి. పురుగు వాటికి అలవాటుపడిపోయిందని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. రైతులకి మాత్రం మందు చాల్లేదని అనిపించింది, మళ్ళీ కొట్టారు. తాత ఇరవై సార్ల దాకా కొట్టించాడట. ప్రతిసారీ అప్పు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు వరసగా అదే మందు తాగి చచ్చిపోయారు. మా తాత తాగలేదు. సంక్రాంతి వెళ్ళాక యెజ్డీ అమ్మి కొట్టుకి కొంత కట్టాడు. తర్వాత మా ఇంటికి వచ్చిన బండి టీవీఎస్ 50. అది కూడా సెకండ్ హ్యాండే.

నాకు ఇంతవరకే తెలుసు.

*

పోలో నరసరావుపేటలో ఉంది. ఆన్‌లైన్లో చూసి పెట్టుకున్న నాలుగు బళ్ళలో అదొక్కటే నా చెక్‌లిస్టుకి నిలబడింది. మార్చిలో ఒక ఆదివారం నాన్నని కూడా రమ్మన్నాను.

ఆ నెలల్లో గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు అని ఊరి పేరు పెట్టి పాత కార్లు వెతికితే నాకు ఒకే కథ మళ్ళీ మళ్ళీ కనపడేది. 2023లో కొన్నది, 2025లో అమ్ముతున్నది. 2023లో యార్డులో మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటింది. 2025 మొదట్లో పదకొండు వేల చుట్టూ తిరిగింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించింది. ఎకరానికి కౌలుతో కలిపి రెండు లక్షలకి పైగా పెట్టి, ఇరవై క్వింటాళ్ళు పండిస్తే ఆ ధరకి ఏం మిగులుతుందో లెక్క కట్టడానికి ఎక్సెల్ అక్కర్లేదు.

అమ్మే అబ్బాయికి నా వయసే ఉంటుంది. సత్తెనపల్లి పక్క పల్లెటూరు. బండిని కడిగి, కొబ్బరి చెట్టు నీడలో పెట్టాడు. నేను వరసగా చూసుకుంటూ పోయాను. డోర్ల మధ్య సందులు సమానంగా ఉన్నాయా, బానెట్ బోల్టుల మీద స్పానర్ గీతలున్నాయా, కార్పెట్ కింద తడి వాసన ఉందా. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. రెండు టైర్లు మార్చినవి. చల్లటి ఇంజను స్టార్టు చేయించి పొగ చూశాను. స్కానర్ తగిలించి చూశాను, తప్పుల్లేవు. సర్వీసు కాగితాలన్నీ ఫైల్లో ఉన్నాయి. ఆర్సీలో ఫైనాన్సు ఇంకా తీరలేదు, బ్యాంకు నుంచి ఎన్ఓసీ తెచ్చి ఫారం 35 మీద సంతకాలు పెట్టించుకోవాలి. బండి మటుకు మంచిది. ఎకర్లాఫ్ చెప్పిన బజారులో మిగలకూడని బండి.

నేనివన్నీ చూస్తుంటే నాన్నా, ఆ అబ్బాయీ చెట్టు కింద వేరే లోకంలో ఉన్నారు.

“తేజానా, 341ఆ?”

“ఎక్కువ తేజానే బాబాయ్. రెండెకరాలు 341.”

“కోల్డ్ స్టోరేజీలో పెట్టారా?”

“రెండొందల టిక్కీలు. మా నాన్న అమ్మనీయట్లా. పెరుగుద్ది అంటాడు.”

“మేమూ పెట్టాం, ఎనభై” అన్నాడు నాన్న.

ఎనభై సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. సగం అమ్మేశాననీ, మిగతా సగం కూడా రేపో మాపో అమ్ముతాననీ చెప్పాడు నాతో.

బండిని చిలకలూరిపేట దారి పట్టించాను. నాన్న ముందు సీట్లో. ఊరు దాటేదాకా నెమ్మదిగా పోనిచ్చాను. ఖాళీ రోడ్డు వచ్చాక కాలు నొక్కాను. టర్బో ఒక్క క్షణం ఊపిరి తీసుకుని తోసింది. నాన్న చెయ్యి పైనున్న హ్యాండిల్ మీదికి పోయింది. భయపడ్డాడనుకుని తగ్గించాను.

“తగ్గించావేం? ఇంకాస్త” అన్నాడు.

పక్కకి తిరిగి చూశాను. ఫోటోలో మనిషి.

*

దిగాక బేరం మొదలవుతుందనుకున్నాను. యార్డులో క్వింటాలు మీద వంద కోసం గంటసేపు కదలకుండా నిలబడే మనిషి ఆయన. అబ్బాయి ఆరు లక్షల ఇరవై అయిదు వేలు చెప్పాడు. నాన్న “సరే బాబూ, ఇంటికి పోయి మాట్లాడుకుని చెప్తాం” అని లేచాడు.

బస్టాండులో అడిగాను, ఒక్క మాటైనా తగ్గించమని అడగలేదేమని.

“అడగబుద్ధి కాలా” అన్నాడు. కాసేపాగి చెప్పాడు. యెజ్డీ కొనుక్కున్నతను పక్కూరి వాడట. అమ్మక తప్పదని అతనికి తెలుసు, అందుకని చివర్లో ఐదొందలు తగ్గించాడు. తాత ఒప్పుకున్నాడు. అతను రోజూ పర్చూరు పోవాలంటే మా ఊరి మీదుగానే పోవాలి. “రెండేళ్ళమ్మా. పొద్దున ఏడున్నరకి ఒకసారి, సాయంత్రం ఒకసారి. చెరువు కట్ట మీద ఉండగానే శబ్దం తెలిసేది. మీ నాయనమ్మ నేను ఇంట్లో ఉంటే ఆ టయానికి ఏదో ఒక పని చెప్పి దొడ్లోకి పంపేది.”

బస్సు వచ్చింది. ఎక్కి కూచున్నాక మళ్ళీ ఆయనే అన్నాడు. “బండి బాగుంది. ఆ అబ్బాయి అడిగినంత ఇచ్చి తీసుకో. ఇష్టపడింది ఇష్టపడ్డప్పుడే కొనుక్కోవాలి.”

ఇంట్లో ఆ బండికి ఓటేసింది ఆయనొక్కడే.

*

ఆ రాత్రి షీటు తెరిచి ఇంకో వరస కలిపాను: ‘పక్కన పెట్టి ఉంచాల్సిన డబ్బు’.

టర్బో ఇంజనూ, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సూ ఉన్న ఏడేళ్ళ బండి ఏ కంపెనీదైనా సరే, కొనేటప్పుడు ఒక లక్ష, లక్షన్నర పక్కన పెట్టి మర్చిపొమ్మంటారు తెలిసినవాళ్ళు. ఆ డబ్బు ఖర్చవ్వాలని లేదు. ఐదేళ్ళూ ఏమీ కాకపోవచ్చు. అయిన రోజు మాత్రం ఒకేసారి కావాలి, ఆ వారంలోనే కావాలి. వ్యాగనార్ వరసలో ఆ గడిలో సున్నా వేసుకోవచ్చు, కనీసం మూడేళ్ళు.

కారు డబ్బు కాక నాకు రెండు లక్షల ఎఫ్‌డీ ఒకటి ఉంది. పోలో వరసలో ఆ రెండు లక్షలు చూపించి ముందుకి పోయాను. పోయాక ఆగాను. ఆ ఎఫ్‌డీకి నేను కాక ఇంకొకరు హక్కుదారు ఉన్నారు. ఎప్పుడూ అడగని హక్కుదారు.

2021 చివర్లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది. ఆకుల సంగతి అటుంచి, పూతలోకే దూరింది. ఏ మందుకీ లొంగలేదు. మా నాలుగెకరాల్లో రెండెకరాలు నాన్న జనవరిలోనే దున్నేశాడు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. కూడబెట్టిన లక్షా ఎనభై వేలు పంపాను. 2023లో రేటు వచ్చాక నాన్న ఆ డబ్బు లెక్క కట్టి, గుడ్డ సంచిలో తెచ్చి నా చేతిలో పెట్టాడు. వద్దన్నా వినలేదు. ఈ ఎఫ్‌డీ ఆ సంచిలో డబ్బే.

ఇప్పుడు ఎనభై టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. వాటి మీద అద్దె నడుస్తోంది. కౌలు రెండెకరాలకి డబ్బు విత్తనం వేయకముందే కట్టాలి. పురుగుమందుల కొట్టులో ఖాతా ఉంది.

ఎక్సెల్‌లో ఒక బండి పక్కన ఇంకో బండిని పెట్టగలం కానీ, బండి పక్కన పొలాన్ని పెట్టే వరస నాకు తట్టలేదు. పాత బండికి అవసరానికి ఆదుకునే డబ్బు కావాలి. మిర్చికీ కావాలి. మా ఇంట్లో ఆ డబ్బు పేరు నేను. ఎప్పుడు ఎంత అడుగుతుందో తెలియని ఒకదానికి నేను నిలబడగలను. రెండిటికీ ఒకే నెలలో అవసరం వస్తే నిలబడలేను.

నెల మొదటి తారీఖున జీతం పడే నాకు రిస్కు అంటే శ్రీశైలం ఘాట్ రోడ్డు. నడిపి, దిగి, ఫోటో పెట్టుకునేది. నాన్నకి అది ప్రతి జూన్‌లో మొదలయ్యేది. ఆయన జూదగాడూ, నేను జాగ్రత్తపరురాలినీ అని ఇంట్లో అనుకుంటాం. కానీ ఆయన ఏటా అంత ధైర్యంగా దిగడానికి ఒక వైపు నా జీతం ఉండటం కూడా కారణమేనేమో. అలాగే నాకు పోలో మీద మనసు పోవడానికి, ఇల్లు గడిచిపోతుందిలే అనే ధీమా కారణం. ఎవరి ధీమా ఎవరి మీద ఆనుకుని ఉందో విడదీయడం కష్టం.

‘మనసు’ వరసలో అంకెలు మార్చలేదు. పది, నాలుగు. షీటు మూసేశాను.

పొద్దున్నే ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టాను, వేరే బండి తీసుకుంటున్నానని. “పర్లేదు అక్కా” అని జవాబిచ్చాడు. నాన్నకి ఫోన్ చేసి, సర్వీసు ఖర్చులు ఎక్కువని తేలింది నాన్నా, అందుకని వద్దనుకున్నాను అన్నాను.

“అట్టాగా” అన్నాడు. ఇంకేమీ అనలేదు.

*

మేలో వ్యాగనార్ వచ్చింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. అమ్మ సంతోషంగా వెనక సీట్లోకి ఎక్కింది. తలుపు ఎత్తుగా ఉండి మోకాళ్ళు పెద్దగా వంచకుండానే కూచోగలిగింది. ఆ సౌకర్యం నా ఇరవై వరసల్లో ఎక్కడా లేదు. నాన్న ముందు సీట్లో కూచుని, డాష్‌బోర్డు మీద చెయ్యేసి తట్టాడు.

“బానే ఉంది. టీవీఎస్ లాగా” అన్నాడు.

జూన్‌లో అమ్మ ఫోన్ చేసింది, నాన్న లేనప్పుడు. కౌలు డబ్బు కట్టాలి, కాస్త తక్కువైంది, మీ నాన్న నిన్ను అడగనంటున్నాడు అని. లక్షా ఇరవై వేలు పంపాను. అంటే నా లెక్క సరిపోయింది. లెక్క సరిపోతే సంతోషంగా ఉంటుందనుకున్నాను. కానీ ఆ సాయంత్రం గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఒక పోలో నన్ను దాటిపోతుంటే, దాని నంబరు ఏపీదా కాదా అని చూశాను.

కొత్త బండికి రిస్కు లేదన్న మాట కూడా నాలుగు నెలలే నిలబడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. నేను కొన్న బండే అరవై వేలకి పైగా తక్కువకి వస్తోంది. ఇంటికి ఫోన్ చేసి మొత్తుకున్నాను. నాన్న పగలబడి నవ్వాడు. “రేటు పెరగబోయే ముందు వారం యార్డుకి సరుకు తోలినట్టయింది నీ పని” అన్నాడు. మార్చి నుంచి ఆయన అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

దసరాకి వెళ్ళినప్పుడు ఆ ఎనభై టిక్కీలూ అమ్మేశానని చెప్పాడు. ఎంతకని చెప్పలేదు, నేనడగలేదు. పండగ మర్నాడు ఆయన్ని చిలకలూరిపేటలో బ్యాంకుకి తీసుకెళ్ళి వస్తున్నాను.

“అమ్మ చెప్పింది, డబ్బు నువ్వు పంపావంట గదా” అన్నాడు.

“ఊఁ.”

“అందుకేనా ఆ బండి వద్దన్నావు?”

“కాదు నాన్నా. సర్వీసు ఖర్చులు.”

“మీ అమ్మ కూడా అంతే” అన్నాడు. “అబద్ధమాడేటప్పుడు మొహం చూడదు. నువ్వేమో అద్దంలోకి చూస్తావు.”

ముందు పత్తి బోరేల ట్రాక్టరు పోతోంది. మొదటి తీత పత్తి. బోరేలు ట్రక్కుకి రెండు పక్కలా బయటికి ఉబ్బి, ఎదర ఏముందో కనపడటం లేదు. దూది పింజలు ఎగిరొచ్చి అద్దానికి తగులుతున్నాయి. కాసేపటికి రోడ్డు కాస్త వంపు తిరిగి, ఎదర ఖాళీ కనిపించింది. గేరు దించాను. ఇంజను అరిచింది. దూరంగా ఒక బస్సు లైటు. లెక్కపెట్టుకున్నాను, చాలదు. మళ్ళీ వెనక్కి వచ్చాను.

నాన్న ఏమన్నా అంటాడేమోనని చూశాను. ఆయన అద్దం దించి, చెయ్యి బయట పెట్టి, ఎగిరొచ్చిన పింజని ఒకదాన్ని పట్టుకుని వేళ్ళ మధ్య లాగి చూస్తున్నాడు, పోగు పొడుగెంతో.

“పోనీలే” అన్నాడు. “వాడూ మన వైపే.”